పానగల్లు రాజా సర్ రామారాయణింగారు: దేవాలయములు, పట్టణములు, మన బాధ్యత

వార్షిక మహాసభలయందు మన కులమున జన్మించి దేశమునకు పనికివచ్చిన పెద్దలను స్మరించుట మనకు వాడుక. అట్టి స్మరణము వట్టి స్తోత్రపాఠముగా ముగిసినచో దానివలన గలుగు ప్రయోజనము స్వల్పము. ఆ పెద్దలు చేసిన పని యేది, చేయక విడిచినది యేది, మనకు మిగిల్చిన భాగమేది యని విచారించినపుడే స్మరణము సార్థకమగును. ఈ యభిప్రాయముతో పానగల్లు రాజా సర్ పానగంటి రామారాయణింగారి చరిత్రమును ఈ సంచికకై సంగ్రహముగా వ్రాయ బూనితిమి. వీరు చెన్నరాజధానికి ప్రథమామాత్యులై యుండిరని మనవారు పలువురెఱుగుదురు. వీరు దేవాలయముల విషయమునను, పట్టణ నిర్మాణ విషయమునను జేసిన కార్యములను మాత్రము ఎఱిగినవారు తక్కువ. పూర్వుల కట్టడములను గాపాడుటయు, జనులకు క్రొత్త వసతులు గల్పించుటయు ఒక్కచేతి మీదుగా ఎట్లు జరుగునో, ఎచ్చట తప్పునో, వీరి చరిత్రము మనకు జూపుచున్నది.

ఐరాల ప్రాంతమువారికి ఈ విషయము దూరపుది కాదు. ఐరాల మండలమునకు జేరిన కాణిపాకమున వరసిద్ధి వినాయకస్వామి వెలసియుండుట ఎల్లరెఱిగినదే. గ్రుడ్డి, మూగ, చెవిటి యగు ముగ్గురు సోదరులు ఎండిన బావిని త్రవ్వుచుండగా స్వామి బయల్పడెననియు, భక్తులు గొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల పాఱుటచేత ఊరికా పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. స్వామి నేటికిని ఆ బావియందే యున్నాడు. బాహుదా తీరమునందలి ఆ గుడిలో నీరు వేఱు, దైవము వేఱు గావు; బావిని పూడ్చినచో గుడియే లేదు. చదువరులు ఈ మాటను మనసున నుంచుకొందురు గాక. దీనితో ముందు పని యున్నది. మఱియు నేడు అట్టి దేవస్థానములకు కార్యనిర్వహణాధికారు లుండుట, హుండీ పదుగురి యెదుట లెక్కింపబడుట, జమాఖర్చులు తనిఖీ యగుట మనకు సామాన్య విషయములుగా దోచును. నూఱేండ్లకు బూర్వము ఇవి సామాన్యములు గావు. ఈ యేర్పాటునకు మూలమైన చట్టమును శాసనసభలో నెగ్గించినవారు రామారాయణింగారు.

వీరు 1866వ సంవత్సరము జూలై 9వ తేదీన శ్రీకాళహస్తియందు జన్మించిరి. నాడు కాళహస్తి ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు దీనిలో జేరినది. 2022 మొదలు తిరుపతి జిల్లాలో నున్నది. స్వర్ణముఖి యొడ్డున, కృష్ణదేవరాయలవారు 1516లో గట్టించిన యేడంతస్తుల గాలిగోపురము నీడలో నున్న యూరది. ఆ సీమ నేలిన దామెర్లవారు మన పద్మనాయక వెలమలు. 1639లో సముద్రతీరమున ఆంగ్లవర్తకులకు స్థలమొసగిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆ వంశమువాడే. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసెను. రమారమి 284 ఏండ్లకు పిమ్మట కాళహస్తిలో బుట్టిన మఱియొకరి కాలమున ఆ పట్టణమునకు ఒక పెద్దపేట చేరుట దైవఘటన యని చెప్పవలయును.

రామారాయణింగారు మదరాసు తిరువళిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో జదివి 1886లో మెట్రిక్యులేషను పరీక్షయందు గృతార్థులైరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతము ముఖ్యవిషయముగా జదివి 1893లో పట్టభద్రులైరి. న్యాయశాస్త్రమును గూడ నభ్యసించిరి. జమీందారీ కుటుంబములయందు బుట్టిన బాలురకు వేట, విలాసము కొఱతలేని ఆ దినములలో వీరు పుస్తకముల నాశ్రయించిరి. సంస్కృత పాండిత్యము వీరికి జీవితాంతము అలంకారమై యుండెను. దానితోడనే మెత్తని మాట, తొందరపడని స్వభావము, తలపాగాతో గూడిన నిరాడంబర వేషము వీరి గుర్తులు. ప్రతిపక్షులు వీరి రాజకీయమును ఖండించిరి గాని మర్యాదను ఖండింపలేదు.

1907లో వీరు ఉత్తరార్కాటు జిల్లాబోర్డులో సభ్యులైరి. బాటలు, చెఱువులు, సత్రములు, పాఠశాలలు, అంటువ్యాధులు, సంతలు మున్నగువాని సంగతి జిల్లాబోర్డులో గాక మఱెచ్చటను అంత దగ్గఱగా దెలియదు. వీరి పిమ్మటి పనులకు ఈ యనుభవమే పునాది యని మేము తలంచుచున్నాము. 1912 మొదలు 1915 వఱకు దక్షిణదేశపు జమీందారుల పక్షమున సామ్రాజ్య శాసనసభలో గూర్చుండిరి. 1916 నవంబరులో డాక్టరు టి. ఎం. నాయరు, పిట్టి త్యాగరాయ శెట్టిగారు మున్నగువారు దక్షిణ భారత ఉదారవాద సంఘమును స్థాపించినపుడు వీరు వారితో గలిసిరి. ఆ సంఘము తరువాత జస్టిసు పార్టీ యని ప్రసిద్ధి కెక్కెను. 1919లో ఆంగ్లదేశమునకు బోయి పార్లమెంటు సంయుక్త సంఘము నెదుట బ్రాహ్మణేతరుల వాదమును వినిపించినవారిలో వీరును నొకరు.

1920 డిసెంబరులో క్రొత్త రాజ్యాంగముచొప్పున చెన్నరాజధానిలో మంత్రివర్గమేర్పడగా సుబ్బరాయలు రెడ్డియారు ప్రథమామాత్యులైరి. రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన శాఖను వహించిరి. రెడ్డియారు అనారోగ్యమువలన దప్పుకొనగా 1921 జూలై 11వ తేదీన వీరు ప్రథమామాత్యులై 1926 డిసెంబరు వఱకు ఆ పదవియం దుండిరి. పన్నులు, పోలీసు, న్యాయము మున్నగు ముఖ్య శాఖలు గవర్నరు చేతనే యుండెను. మంత్రులకు విద్య, వైద్యము, స్థానిక బోర్డులు, దేవాలయ ధర్మములు, పరిశ్రమలు మిగిలినవి. డబ్బు వేఱొకరి చేతిలో నుండగా పని చేయవలసివచ్చిన మంత్రులు వీరు. ఈ సంగతిని మఱచి వారి కార్యములను దూచుట న్యాయము గాదు.

దేవాలయముల స్థితి అప్పటి కెట్లుండెనో కొంచెము చెప్పవలయును. కంపెనీ ప్రభుత్వము 1817లో ఏడవ రెగ్యులేషను జేసి గుడుల మాన్యములను రెవెన్యూబోర్డు పర్యవేక్షణమున నుంచెను. హిందూదేవతల గుడుల వ్యవహారము క్రైస్తవ ప్రభుత్వమునకు దగదని ఆంగ్లదేశమున అలజడి లేచుటచేత 1840 ప్రాంతమున ఆ పర్యవేక్షణమును విడిచిరి. తిరుమల ఆలయమును హాథీరాంజీ మఠపు మహంతులకు 1843లో నప్పగించుట అట్టిదే. పిమ్మట 1863లో ఇరువదవ చట్టమువలన దేవాలయ కమిటీలు వచ్చెను. ఒకమాఱు కమిటీలో జేరినవారు జీవితాంతము కదలనక్కఱలేదు. ధర్మకర్త మాన్యమును తాకట్టు పెట్టినను, దీపపు నూనెను ఇంటికి బంపుకొన్నను, ఊరివారు చేయగలది సివిలు కోర్టులో దావా వేయుట యొక్కటే. దీపము పెట్టుటకు దిక్కులేని గుడికి ప్లీడరు ఫీజు నెవరిత్తురు? ఈ విధముగా దాదాపు 60 ఏండ్లు గడచెను. ఆ కాలమున ఎన్ని మాన్యములు ఎవరి పట్టాలలో గలిసిపోయెనో మన యూళ్ల వృద్ధుల కథలే సాక్ష్యము.

ఈ చిక్కును విప్పుటకు అంతకుముందు పలు బిల్లులు వచ్చి వీగిపోయినవి. మతవిషయములలో జేయి పెట్టినచో గలత పుట్టునని దొరతనమువారికి భయము. రామారాయణింగారు 1922 డిసెంబరులో హిందూ దేవాదాయ ధర్మాదాయముల బిల్లును శాసనసభలో బ్రవేశపెట్టిరి. దీని సారాంశ మిది: రాజధాని మొత్తమునకు ఒక కమిషనర్ల బోర్డు, దాని క్రింద స్థానిక కమిటీలు, ప్రతి గుడికిని వ్రాతమూలకమైన లెక్కలు, తనిఖీ, ధర్మకర్త తప్పుచేసినచో కోర్టు మెట్లెక్కకయే విచారణ, అవసరములు తీరగా మిగిలిన ధనమును తత్సమానమైన ధర్మకార్యములకు వినియోగించుట. ధర్మకర్త దేవుని సొత్తునకు యజమానుడు గాడు, కాపరి మాత్రమే యను సూత్రమే యీ చట్టమునకు బ్రాణము.

ఈ బిల్లుపై జరిగిన పోరాటము చిన్నది గాదు. మఠాధిపతులును, అనేక ధర్మకర్తలును ఎదిరించిరి. శాసనసభలో సత్యమూర్తిగారు మున్నగు వక్తలు ఒక్కొక్క నిబంధనమును ప్రతిఘటించిరి. ఎదిరించినవారందఱును స్వార్థపరులని చెప్పుట అన్యాయము. ప్రభుత్వమునకు గుడి లోపలికి ద్రోవ నొకమాఱు దెఱచినచో ఆ ద్రోవ మఱల మూతపడునా, భక్తుల సొమ్ము దీపమునకు గాక దఫ్తరమునకు వ్యయమగునేమో యని శంకించినవారును వారిలో నుండిరి. ఆ శంక నూఱేండ్లకును తీఱలేదు. అయినను ఆ దినమున రెండే మార్గములు కనబడుచుండెను: అడుగువారు లేని ధర్మకర్త, లేక లెక్క యడుగు ప్రభుత్వము. రామారాయణింగారు రెండవ దాని నెన్నుకొనిరి. సభ 1923లో ఆమోదించిన బిల్లు రాజప్రతినిధి సూచనలతో దిరిగివచ్చి, మఱల సభ నెక్కి, తుదకు 1925 ఒకటవ చట్టమై వెలువడెను. న్యాయమూర్తిగా బేరొందిన సర్ టి. సదాశివయ్యరుగారు క్రొత్త బోర్డునకు ప్రథమాధ్యక్షులైరి. బ్రాహ్మణేతర మంత్రివర్గము చేసిన చట్టమును నడపుటకు బ్రాహ్మణ న్యాయమూర్తిని గూర్చుండబెట్టుటలో రాజావారి వివేకము గనబడుచున్నది.

చిత్తూరువారు జ్ఞాపకముంచుకొనదగిన మఱియొక సంగతి గలదు. 1923 నవంబరులో రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును దెచ్చినవారు మన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో బుట్టిన రామలింగారెడ్డిగారు. ఒక జిల్లాయందలి యిద్దఱు విద్వాంసులు చెన్నపట్టణ శాసనసభలో ఒండొరుల నెదిరించి నిలిచిరి. తీర్మానము 44 కు 65 వోట్లతో వీగిపోయెను. మూడేండ్లు తిరుగకమునుపే, ఆ మంత్రివర్గము కాలమున జేసిన చట్టమువలన 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో నారంభము గాగా, దానికి ప్రథమోపాధ్యక్షులు ఆ రామలింగారెడ్డిగారే. ఎదిరిపక్షమువాని విద్యను గుర్తింప నిరాకరింపని కాలమది. అటులనే దేశీయ వైద్యములు నశింపకుండుటకై 1921లో ఉస్మాను కమిటీని నియమించి, 1925లో మదరాసున ఆయుర్వేద, సిద్ధ, యునానీ శాస్త్రములను బోధించు పాఠశాలను నెలకొల్పించిరి. పూర్వుల సొత్తు రాతికట్టడములలోనే కాక విద్యలయందును గలదని వీరు గ్రహించియుండిరి.

ఇంతవఱకు జెప్పినది కాపాడుట గుఱించి. ఇక గట్టుట గుఱించి చెప్పెదము. 1920లో చెన్నరాజధానికి పట్టణ నిర్మాణ చట్టము వచ్చెను. స్థానిక పరిపాలన రాజావారి శాఖ కావున దానిని నడపు భారము వీరిపై బడెను. నాడు చెన్నపట్టణమున జనము హెచ్చి యిండ్లు చాలకుండెను. పట్టణమునకు నైరృతి దిక్కున, మౌంటురోడ్డునకు బడమట, నుంగంబాకము మొదలు సైదాపేట వైపు వ్యాపించిన దీర్ఘతటాక మొకటి యుండెడిది. ఆంగ్లేయులు దానిని పొడవుచెఱువని పిలిచెడివారు. అందు పడవపందెములను గూడ జరిపెడివారు. దాని దక్షిణభాగమగు మాంబళము చెఱువును 1923 మొదలుకొని యెండగట్టి, ఆ నేలను ఇండ్లస్థలములుగా విభజించిరి. నడుమ నుద్యానవనము, దానినుండి నలుదిక్కులకు వెడలు వెడల్పైన వీథులు, అంగళ్లకు వేఱు స్థలము, ఈ రీతిగా ఆ పేట రూపొందెను. 1925లో దివంగతులైన త్యాగరాయ శెట్టిగారి పేర దానిని త్యాగరాయనగర మనిరి. నడుమనున్న వనమునకు పానగల్లు పార్కని పేరు వచ్చెను. గాలి వెలుతురు గల యిండ్లు ఎందఱో మధ్యతరగతి సంసారులకు లభించెను. ఇరుకు సందులలో అంటువ్యాధులకు బలియైన కుటుంబములకు ఇది పెద్ద మేలు.

అయినను పొగడ్తతోనే యీ ఘట్టమును దాటుట మాకు సమ్మతము గాదు. పట్టణ నిర్మాణశాస్త్రమున పేరుగాంచిన స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డిసుగారు 1914 చివర మనదేశమునకు వచ్చి 1915లో మదరాసున పట్టణ నిర్మాణ ప్రదర్శనమును జరిపి, మన పెక్కు పట్టణములను నడచి పరిశీలించి నివేదికలు వ్రాసిరి. పాత పేటలను కూలద్రోసి తిన్నని బాటలు వేయుటను వారొల్లరైరి. ముందు ఊరి నెఱుగవలయును, పిమ్మట వలసినంతమాత్రమే కోయవలయు నని వారి సిద్ధాంతము. మన దేవాలయ వీథులను, రథవీథులను, కోనేరులను వారు మిక్కిలి మెచ్చుకొనిరి. దోమలకు వెఱచి చెఱువులను బూడ్చుట అవివేకమనియు, చేపలను బాతులను బెంచినచో దోమలు తగ్గుననియు, చెఱువు ఊరికి జల్లదన మొసగుననియు వారి తలంపు. ఈ తలంపులు వ్రాతలోనికి వచ్చిన ఎనిమిదేండ్లకే మాంబళము చెఱువు ఎండగట్టబడెను.

దాని ఫలితమును పిమ్మటివారు అనుభవించిరి. నుంగంబాకము వైపు మిగిలిన భాగమును గూడ తరువాతి దశాబ్దములలో ఇండ్లకును కట్టడములకును బోయెను. 2015 డిసెంబరులో చెన్నపట్టణము వఱదలో మునిగినపుడు త్యాగరాయనగర వీథులలోనికిని నీరు వచ్చెను. 2019 వేసవిలో ఆ మహానగరము త్రాగునీటికై రైలుబండ్లపై నాధారపడవలసి వచ్చెను. ఇంతటి యిక్కట్టునకు ఒక చెఱువును ఒక మంత్రిని గారణముగా జెప్పుట తెలివిగాదు. ఏరులు, చిత్తడినేలలు, కాలువలు ఎన్నో పిమ్మటి వారిచే నాక్రమింపబడినవి. ఐనను మొదటి పాఠము మాంబళముననే యున్నది. గుడి మాన్యము పరాధీనమగుట చూచి సహింపలేని మహనీయుని కాలముననే ఊరి చెఱువు మాయమయ్యెను. ఏల? గుడి పూర్వుల సొత్తని నాడు అందఱికిని దోచెను; చెఱువు సొత్తని తోచలేదు. దానిని ఖాళీనేలగా జూచిరి. కాణిపాకమున బావియే దైవమైన తత్త్వము చెన్నపట్టణపు పటములో జేరలేదు.

రాజావారి చట్టమున మఱియొక కొఱత గలదు. అది గుడి లెక్కలను విప్పెను గాని గుడి తలుపులను అందఱికి విప్పలేదు. 1922లో పంచములను అవమానకరమైన పేర్లతో గాక ఆదిద్రావిడులు, ఆదియాంధ్రులని ప్రభుత్వపు వ్రాతలలో బేర్కొనవలయు నని యుత్తరువు చేయించినది వీరి మంత్రివర్గమే. అయినను ఆలయప్రవేశమునకు చెన్నరాజధానిలో చట్టము వచ్చుటకు 1939 వఱకు, సంపూర్ణముగా నమలగుటకు 1947 వఱకు వేచియుండవలసి వచ్చెను. గుడికి రాయి మోసినవారు, చెఱువుకట్ట కెత్తిన మట్టిని తట్టలతో మోసినవారు, జాతరకు డప్పు గొట్టినవారు ఆ గుడి చరిత్రలో లెక్కకు రాకపోవుట మన పూర్వుల దోషము. మన సంఘపు సంచికలో ఈ మాట వ్రాయుటకు మేము సంకోచింపలేదు. ఊరి పూర్వసంపద యే యొక్క కులముదియు గాదు.

1926 ఎన్నికలలో జస్టిసు పార్టీ యోడిపోయెను. ఆ సంవత్సరముననే వీరికి కె. సి. ఐ. ఇ. బిరుదము వచ్చియుండెను. 1925 చట్టపు సాధుత్వమునుగూర్చి వివాదములు బయలుదేఱగా దాని స్థానమున 1927 రెండవ చట్టము వచ్చెను. పదవి వీడిన పిమ్మటను రాజావారు పార్టీ కార్యములలో బాల్గొనుచుండిరి. 1928 డిసెంబరు 16వ తేదీన మదరాసులో ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే స్వర్గస్థులైరి. వయస్సు 62 ఏండ్లు. వీరు వేసిన మార్గముననే 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల పరిపాలనము మహంతుల చేతినుండి కమిటీకి మాఱెను. 1951లో మదరాసున, 1966లోను 1987లోను ఆంధ్రప్రదేశమున వచ్చిన దేవాదాయ చట్టములన్నియు ఆ తొలి చట్టపు సంతతియే. కాణిపాకము మొదలు శ్రీకాళహస్తి వఱకు మన గుడులిప్పుడు ఆ శాఖ పాలనముననే యున్నవి.

ఇచట మన జిల్లాలవారి నందఱిని నొప్పించిన యొక సంగతిని జెప్పక తీఱదు. రామారాయణింగారు పుట్టిన యూరిలో, వారి బాల్యమున నిత్యము గంటి కగపడిన ఆ రాయలవారి గాలిగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కుప్పగూలెను. 494 ఏండ్లు నిలిచిన కట్టడము. దానియందలి చీలికలు అంతకుమునుపే కనబడియుండెను, నిపుణులు చూచియుండిరి, కూలునను భయముతో చుట్టుప్రక్కలవారిని దూరముగా బంపియుండిరి. మనుష్యులను దప్పించుటకు సమయము చాలెను గాని గోపురమును నిలుపుటకు జాలలేదు. పిమ్మట దాత లొసగిన ధనముతో క్రొత్త గోపురమును గట్టి 2017లో కుంభాభిషేకము జరిపిరి. క్రొత్తది యెత్తుగనే యున్నది, అందముగనే యున్నది. అయినను రాయలవారి కాలపు ఇటుక, సున్నము, శిల్పి చేతి గుఱుతు మఱల రావు. లెక్కలు తనిఖీ చేయుటకు చట్టము చాలును. చీలికను కనిపెట్టి సకాలమున బాగుచేయుటకు వేఱు విద్య, వేఱు జాగ్రత్త కావలయును. 1904లో ప్రాచీన కట్టడముల రక్షణ చట్టము వచ్చినను, పురావస్తుశాఖ పట్టికలో జేరినవి కొన్నియే. ఊరూరనున్న గుళ్లు, చావడులు, కోనేరులు, మెట్లబావులు వేలకొలదిగా ఆ పట్టికకు వెలుపలనే యున్నవి. వానికి దిక్కు ఊరివారే.

కావున రాజావారి పనిలో మనకు మిగిలిన భాగమిది. మహాసభకు వచ్చిన సోదరులును, సంఘమును బోషించు దాతలును దయతో నాలోచింతురు గాక. మొదటిది, ప్రతి యూరికిని ఒక పట్టిక. గుడి, గ్రామదేవత గద్దె, చావడి, సత్రము, బావి, చెఱువు, తూము, వీరగల్లు, శాసనపుఱాయి యెచ్చట నున్నవో, ఏ స్థితిలో నున్నవో వ్రాసి ఛాయాచిత్రములు దీయవలయును. ఇనాముల విచారణ కాలమున, అనగా 1858 పిమ్మట, వ్రాయబడిన ఇనాము రిజిస్టరులలో గుడులకును చెఱువులకును గల మాన్యముల వివరము లుండును. వాని ప్రతులను సంపాదించి నేటి యడంగలుతో సరిచూచినచో ఏది యెచ్చటికి బోయెనో తెలియును. దీనికి పెద్ద ధనము వలదు; ఓపికగల యువకులు నలుగురు చాలుదురు.

రెండవది, జీర్ణోద్ధారణ యను పేర జరుగు నాశనమును నిలుపుట. దాతలు భక్తితో ధనమిత్తురు. ఆ ధనముతో పనివారు ఱాతిగోడపై నూనెరంగులు పూయుదురు. ఇసుకను జిమ్ము యంత్రములతో గోడలను తోముదురు. శాసనపు టక్షరములపై సిమెంటు మెత్తుదురు. పాత మండపమును దీసి పలుగురాళ్లు పఱతురు. సున్నము, బెల్లము, కరక్కాయ నీటితో గూర్చిన పాత గచ్చు తేమను బీల్చి విడుచును. సిమెంటు ఆ తేమను లోపల బంధించి పాత ఇటుకను కుళ్లజేయును. తిరుమల శాసనముల ప్రతులు దీయించి 1931 మొదలు దేవస్థానమువారు సంపుటములుగా బ్రకటించుటచేతనే ఆ కొండ చరిత్రము నేడు మనకు దెలియుచున్నది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటి పండితులు గోడగోడకు దిరిగి అక్షరములను జదివిరి. మన యూరి గోడపై రంగు వేయుటకు ముందు ఆ పాటి ప్రతి యైనను దీయించుట దాతల ధర్మము. ఇకమీదట మన సంఘము ద్వారా వెళ్లు ప్రతి విరాళమునకును ఈ షరతును జేర్చుట మంచిదని మా మనవి.

మూడవది, నీటిని మఱవకుండుట. గుడికి గోపురము కట్టించిన దాతకు ఱాతిపై పేరు చెక్కుదుము. కోనేరు పూడిక తీయించినవానికి ఏల చెక్కము? ఊరి చెఱువులో బస్సుల నిలయము, కల్యాణమండపము, ఇండ్లస్థలములు రాబోవునపుడు, అవి మన కులమువారికి లాభకరములైనను, మాంబళమును దలచుకొందము గాక. కల్యాణమండపమును మఱియొకచోట గట్టవచ్చును. చెఱువును మఱియొకచోట బుట్టింపలేము.

నాలుగవది, ఈ పని యందఱిదియు గావలయును. మన సంఘము దీపము పట్టవచ్చును గాని ఇల్లు ఊరందఱిది. పట్టిక వ్రాయునపుడు ఆసాదివారిని, కుమ్మరులను, కంసాలులను, వడ్డెరలను, చెఱువు నీరుగట్టువారిని, మాలమాదిగ వాడల వృద్ధులను గూర్చుండబెట్టి యడుగవలయును. గంగజాతరలో ఎవరి వంతు ఏదియో, చెఱువు కలుజు ఏ వర్షములో పాఱెనో వారికి దెలిసినంత ఏ రికార్డునందును లేదు. పూర్వము వారిని వెలుపల నుంచిన దోషమును దీర్చుకొనుటకు ఇంతకంటె మంచి ప్రాయశ్చిత్త మేమున్నది?

రామారాయణింగారు రాజభవనమున బుట్టినను, దేవుని సొత్తునకు లెక్క చెప్పవలయు నను సామాన్యపు మాటను చట్టముగా జేయుటకై పోరాడిరి. ఇదియే వారి కీర్తికి మూలస్తంభము. వారి కాలమున జరిగిన పొరపాటు మనకు హెచ్చరిక. వారు చేసిన మేలు మనకు మూలధనము. వారి విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. మన యూరి గుడి లెక్కను సంవత్సరమున కొకమాఱు చావడిలో చదివించుట, మన చెఱువు హద్దురాళ్లను ఏటేట చూచివచ్చుట కష్టము. కష్టమైన దానిని చేసినవారే వారి వంశమువారని చెప్పుకొనదగినవారు.

వరసిద్ధి వినాయకుడు మన సంఘమున కట్టి బుద్ధిని, నేర్పును, ఓర్పును ప్రసాదించు గాక.